చేదు తెలిసిందా?

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం అంటూ ఉండేది కాదు. ఇరవై ఒక్కేళ్ళ వయసులో చాలామందికి పట్టే జబ్బే ఇది. నాకు బీయస్సీ ఫస్టుక్లాసుతో కలిసి పట్టడం వల్ల కాస్త ముదిరింది. రికార్డు పుస్తకంలో పాముల తలలు పొలుసులతో సహా గీసి, ఏది విషప్పామో ఏది కాదో పొలుసులు లెక్కపెట్టి చెప్పగలిగే స్థితికి చేరుకున్నాను. (పాము కదలకుండా పడుకుని లెక్కపెట్టనిస్తేనే అనుకోండి.) అంతటి నేను విద్యా వాలంటీరుగా గురజాల అవతల, బస్సు దిగి నాలుగు మైళ్ళు నడిస్తే గానీ రాని ఓ పల్లెకి పాఠాలు చెప్పడానికి వెళ్ళాను. వినుకొండ బస్టాండు పక్కన పుట్టి పెరిగిన పిల్లని, నడక సంగతి మా అమ్మతో చెబితే పంపదని, రోడ్డు పక్కనే బడి అని అబద్ధం చెప్పాను.

ఆ ఊరిని చుట్టుపక్కల వాళ్ళు కాలవోళ్ళ పల్లె అనేవాళ్ళు. సాగర్ కాలవ వచ్చిన కొత్తలో తెనాలి వైపు నుంచి ఉన్న కాస్త మాగాణీ అమ్ముకుని, ఇక్కడ నాలుగింతలు కొనుక్కోవచ్చని బండ్లు కట్టుకుని వచ్చిన పదిహేను కుటుంబాలు అవి. కాలు పెడితే దిగబడే నల్లటి బురద నుంచి కాలు పెడితే గుచ్చుకునే రాళ్ళ మీదకి వచ్చిపడ్డారు పాపం. అక్కడ వీధికో ఆరెంపీ డాక్టరు ఉండేవాడు. ఇక్కడికి ఆరెంపీ కూడా వచ్చేవాడు కాదు. పాములు, తేళ్ళు, జెర్రులు మాత్రం పిలవకుండానే వచ్చేవి. అందుకని ప్రతి ఇంట్లోనూ ఓ మందుల పెట్టె ఉండేది, అన్నిటిలోకెల్లా పెద్దది నేను అద్దెకున్న ఇంట్లో ఉండేది. దాని యజమానురాలిని ఊరంతా పిన్ని అనే పిలిచేది, నేనూ అలాగే పిలిచాను. అప్పటికి ఆవిడకి యాభై దాటాయి. ఆవిడ భర్త బాబాయి రోజుకి ఐదారు మాటల కంటే ఎక్కువ మాట్లాడేవాడు కాదు, అందులో మూడు ఎద్దులతో.

పిన్ని పెట్టె అంటే నీలం రంగు పోయిన రేకు ట్రంకు. శొంఠి, వాము, పిప్పళ్ళు, వసకొమ్ము, కరక్కాయ, పటిక, ఇంగువ, ఆముదం, పేరు తెలియని వేళ్ళు, ఎండిన ఆకులు, అన్నీ హార్లిక్సు సీసాల్లోనూ పాత పౌడరు డబ్బాల్లోనూ ఉండేవి. దేని మీదా పేరు లేదు. "పేరెందుకమ్మా, మూత తీస్తే అదే చెప్పుద్దిగా" అనేది. ఇది అశాస్త్రీయమని తేల్చి, నేను ఒక ఆదివారం కూర్చుని ప్రతి సీసాకీ చీటీ అంటించాను, అదీ తెలుగులో కాదు, లాటిన్లో. పిన్నికి ఏ భాషా చదవడం రాదు. చదవడం వచ్చిన బాబాయి ఒక సీసా ఎత్తి చూసి, మళ్ళీ అక్కడే పెట్టేసి పొలానికి వెళ్ళిపోయాడు. పిన్ని మాత్రం ఆ చీటీలను ఎంత భక్తిగా చూసుకుందంటే, ఆముదం కారి తడిసిన చీటీని ఎండలో ఆరబెట్టి మళ్ళీ అంటించింది. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ నాకు తల కొట్టేసినట్టు ఉంటుంది.

ఆ ఊళ్ళో ఏది కుట్టినా, ఏది కరిచినా మొదట చేసే పని ఒకటుంది. వేపాకు నమిలిస్తారు. చేదు తెలిస్తే విషం లేదు, తెలియకపోతే ఒంట్లోకి ఎక్కినట్టు. దాంతోనూ తేలకపోతే మిరపకాయ కొరికిస్తారు, మంట తెలియకపోతే ఇక సందేహమే లేదు. ఈ పద్ధతి విన్న రోజునే నేను బడిలో నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో "వేపాకు పరీక్ష మూఢనమ్మకం" అని రాసి, పిల్లల చేత పదిసార్లు చదివించాను. పిల్లలు ఇళ్ళకెళ్ళి అప్పజెప్పారు. ఆ సాయంత్రం పిన్ని నాతో పోట్లాడుతుందని సిద్ధంగా కూర్చున్నాను, నరాలు, రక్తం, బొమ్మలతో సహా. ఆవిడ పొయ్యి ముందు కూర్చుని, "నువ్వు చెప్పింది నిజమేనమ్మా, అది అబద్ధమే" అంది. ఆ తర్వాత అన్నం వడ్డించే దాకా మాట్లాడలేదు. నేను గెలిచాననుకున్నాను.

ఇదంతా జరిగిన నెలకో ఏమో, మిరప కోతల రోజుల్లో, నాకు జ్ఞానదంతం మొలవడం మొదలుపెట్టింది. (నా జ్ఞానానికి నోట్లో చోటు చాల్లేదని నా స్నేహితురాలు తర్వాత అన్నది.) తెల్లారేసరికి దవడ బూరెలా వాచింది. పిన్ని నన్ను వాకిట్లో పీట మీద కూర్చోబెట్టి, లవంగ నూనెలో ముంచిన దూది పంటి సందులో కుక్కింది. అది చాలదన్నట్టు అక్కలకర్ర పొడి తీసి చిగుళ్ళకీ, నాలుకకీ, బుగ్గ లోపలా దట్టంగా రుద్దింది. అక్కలకర్ర అంటే నమిలితే నోరంతా తిమ్మిరెక్కే ఓ వేరు. "ఉమ్మి మింగమాక, కారితే కారనీ" అంది. పావుగంటలో నొప్పి పోయింది. నొప్పితో పాటు నాలుక కూడా ఎక్కడికో పోయింది. బుగ్గ కొరుక్కున్నా తెలియలేదు. అదే పీట మీద నా తర్వాత ఒక చెవిపోటు, ఒక వేడిగడ్డ, ఒక అజీర్ణం వరసగా కూర్చున్నాయి. నేను పుస్తకాలు తీసుకుని బడికి బయల్దేరాను.

దారి మిరప తోటల మధ్య గట్టు మీద. కూలీలు వరసల్లో వంగి ఎర్రటి కాయలు కోస్తున్నారు. గట్టు మీద గడ్డి మోకాలెత్తున ఉంది. ఎడమ కాలి చీలమండ దగ్గర చురుక్కుమంది. కిందికి చూసేలోగా గడ్డి కదులుకుంటూ కాలవ వైపు వెళ్ళిపోయింది. గడ్డే కదిలింది, దానికింద ఉన్నది నాకు కనిపించలేదు. పొలుసులు లెక్కపెట్టగల మనిషిని, తోక కూడా చూడలేకపోయాను. కాలి మీద రెండు ఎర్రటి చుక్కలు. కళ్ళలో నీళ్ళు నిండాక నాలుగు కనిపించాయి. అప్పుడు నేను వేసిన కేక శాస్త్రీయంగా లేదు.

ముందు కూలీల మేస్త్రమ్మ వచ్చింది, తర్వాత ఆవిడ వెనక ముఠా అంతా. కాయలెత్తడానికి ట్రాక్టరు తెచ్చిన బాబాయి అక్కడే ఉన్నాడు. తలగుడ్డ తీసి నా మోకాలి కింద బిగించి కట్టాడు. ఎవరు పరిగెత్తారో, పిన్ని చేతిలో వేప రెమ్మతో జుట్టు ముడి ఊడిపోయి రొప్పుతూ వచ్చింది. "నములు తల్లీ, నమిలి చెప్పు" అంటూ నా నోట్లో గుప్పెడాకులు కుక్కింది. నల్లబల్ల మీద నేను రాసింది నాకు గుర్తుంది. అయినా నమిలాను. ఎంత శ్రద్ధగా నమిలానంటే, మా కాలేజీలో ఏ ప్రయోగమూ అంత శ్రద్ధగా చేయలేదు.

చేదు లేదు.

మళ్ళీ నమిలాను. కాగితం నమిలినట్టుంది. "ఏమీ తెలియటల్లేదు పిన్నీ" అనబోతే మాట ముద్దగా, ఎవరో తాగుబోతు మాట్లాడినట్టు బయటికి వచ్చింది. అది విని చుట్టూ ఉన్న వాళ్ళందరూ ఒకేసారి గుండెల మీద చేతులు వేసుకున్నారు. "వామ్మో, మాట పడిపోయిందే!" అంది మేస్త్రమ్మ. పక్క మొక్క నుంచి పండు మిరపకాయ ఒకటి తెంపి కొరికించింది. పల్నాడు మిరపకాయ అది, మామూలు రోజున సగం కొరికితే ఊరు దాటి పరిగెత్తాలి. నేను తొడిమ దాకా తినేశాను. ఎక్కడో గొంతు దగ్గర కాస్త వెచ్చగా అనిపించింది, అంతే. "ఇంకోటి ఇవ్వు" అన్నాను ఏడుస్తూ. రెండోది కూడా తినేసరికి మేస్త్రమ్మ మోకాళ్ళ మీద కూలబడి, "ప్రభువా, ఈ పంతులమ్మని కాపాడు తండ్రీ" అని గట్టిగా ప్రార్థన మొదలుపెట్టింది.

పొద్దున వేసిన మందు మీకు గుర్తుంది. నాకు లేదు. ఎందుకు లేదో ఇన్నేళ్ళుగా ఆలోచిస్తున్నా అర్థం కాలేదు. పంటి సందులో దూది ఇంకా ఉంది, అయినా గుర్తు రాలేదు. భయం వచ్చి కూర్చున్నాక బుర్రలో ఇంకెవరికీ చోటు ఉండదు కాబోలు. పైపెచ్చు నా చదువు ఆ సమయానికే నిద్రలేచింది. తాచు విషం నరాల మీద పనిచేస్తుందని, ముందు నాలుక మొద్దుబారుతుందని, మాట తడబడుతుందని, ఆ తర్వాత కంటి రెప్పలు వాలిపోతాయని, ఆ తర్వాత ఊపిరని పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు గుర్తొచ్చింది. గుర్తొచ్చింది నాలోనే ఉంచుకోకుండా, ఆ ముద్ద మాటలతోనే అందరికీ పాఠం చెప్పాను. దాంతో అక్కడున్న వాళ్ళంతా నా ముఖం వదిలేసి నా రెప్పల వైపే చూడటం మొదలుపెట్టారు.

బాబాయి ట్రక్కులో ఉన్న మిరపకాయల గోతాల మీద నన్ను కూర్చోబెట్టి ట్రాక్టరు తోలాడు. పిన్ని నన్ను పట్టుకుని కూర్చుంది. మేస్త్రమ్మ ఎదురుగా కూర్చుని ప్రార్థన కొనసాగించింది. గురజాల దాకా గతుకుల దారి. రెప్పలు వాలితే చచ్చిపోతానని, నేను దారి పొడుగునా గుడ్లు మిటకరించి ఉంచాను. మిరపకాయల ఘాటుకి నీళ్ళు ధారగా కారుతున్నా రెప్ప వేయలేదు. రోజుకి ఐదు మాటలాడే బాబాయి ప్రతి గతుక్కీ వెనక్కి తిరిగి "ఉందా?" అని అరిచేవాడు. "ఉందయ్యా, కళ్ళు తెరుచుకునే ఉంది, నువ్వు ముందు చూసి తోలు!" అని పిన్ని అరిచేది. నేను బతికున్నానా లేదా అన్నది నన్ను దాటి వాళ్ళిద్దరి మధ్య అలా ఊగింది. తలగుడ్డ బిగింపుకి కాలు నల్లబడి చచ్చుపడింది, అది కూడా విషమే అనుకున్నాను.

"మా అమ్మకి చెప్పు పిన్నీ. రోడ్డు పక్కన బడి అని అబద్ధం చెప్పానని చెప్పు" అన్నాను. అప్పుడు నాకు చావు కంటే అమ్మకి ఈ సంగతి ఎవరు ఎలా చెబుతారన్నదే ఎక్కువ భయంగా ఉంది. వంటింట్లో నిలబడి ఉండగా చెబుతారేమో, చేతిలో గిన్నె పడిపోతుందేమో అని. పిన్ని నా తల తన ఒళ్ళోకి లాక్కుంది. "నువ్వే చెబుదువుగాని. నోరు మూసుకో" అంది. ఆ తర్వాత నాతో కాదన్నట్టు రోడ్డు వైపు చూస్తూ చెప్పింది. "మేం వచ్చిన మొదటి ఏడు మా మరిదిని కరిచింది. నీ అంత వయసే. వేపాకు పెడితే ఉమ్మేసి, చేదుగా ఉందొదినా, నాకేం కాలేదు పో అన్నాడు. అబ్బో, బతికిపోయాడని నవ్వుకున్నాం. దేవుడికి కొబ్బరికాయ కూడా కొట్టాను. పొద్దుగూకేసరికి లేడు." ఆవిడ నా చెంపల మీద నీళ్ళు కొంగుతో తుడిచింది. "అది అబద్ధమని నాకు తెలుసమ్మా. తెలిసినా ఎవర్నయినా కరిస్తే చెయ్యి ఊరుకోదు. ఏం చెయ్యాలో తోచక నమిలిస్తా." ఆ పెట్టె ఎందుకు కొన్నదో, నల్లబల్ల మాట విన్న రాత్రి ఎందుకు మాట్లాడలేదో నాకప్పుడు తెలిసింది. నేను గెలిచాననుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. కానీ ఏడవడానికి కూడా రెప్ప వేయకూడదు కదా.

ఆస్పత్రిలో డాక్టరు గారు కుర్రవాడు, నిద్ర చాలని ముఖం, నెమ్మదైన మనిషి. కాలి కట్టు చూసి "ఇంత బిగించి కడితే కాలే పోతుంది, ఇక ముందు ఇలా కట్టకండి" అని బాబాయిని కోప్పడ్డారు. కళ్ళలోకి లైటు వేసి చూశారు. "రెప్ప వెయ్యమ్మా" అన్నారు. వెయ్యనన్నాను. "నోరు తెరువు" అన్నారు. తెరిచాను. వంగి చూసి, ఆగి, ఇంకొంచెం దగ్గరికి వంగారు.

"నోట్లో లవంగాల వాసన వస్తోందేంటి? ఈ దూది ఏంటి?"

మేస్త్రమ్మ ప్రార్థన మధ్యలో ఆగింది. పిన్ని రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. బాబాయి మెల్లగా ఆవిడ వైపు తిరిగాడు. "పొద్దున పిల్లకి అక్కలకర్ర పూసింది నువ్వే కదే?" అన్నాడు. ఆయన నోటి నుంచి అంత పొడుగు వాక్యం నేను వినడం అదే మొదలు. "నా చేతులు పడిపోను! పీట మీద నలుగురు కూర్చుంటిరి, ఎవరికేం పూశానో కూడా గుర్తు లేకపాయె" అని పిన్ని తల బాదుకుంది. నాకు నవ్వొచ్చింది. నవ్వబోయేసరికి డాక్టరు గారు వేలెత్తి ఆపారు. "నాలుక సంగతి సరే. ఏదో కరిచిన మాట నిజమే కదా?"

ఆ మాటతో నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఆయన నా చేతి నుంచి కాస్త నెత్తురు తీసి, గాజు గొట్టంలో పోసి, బల్ల మీద నిలబెట్టారు. "ఇరవై నిమిషాలు దీన్ని ఎవరూ కదిలించకూడదు. గడ్డకడితే ఒక భయం తీరినట్టు, కట్టకపోతే వెంటనే ఇంజెక్షను. ఈలోగా ఊపిరి, రెప్పలు నేను చూస్తుంటాను" అని పక్క మంచం దగ్గరికి వెళ్ళారు. గోడ మీద గడియారం ఉంది. పిన్ని గడియారం చూడటం రాని మనిషి, గొట్టం వైపే చూస్తూ దానికి చేతులు జోడించింది. బాబాయి కదిలిస్తాడేమోనని ఆయన్ని గుమ్మం బయటికి పంపేసింది. ఐదు నిమిషాలు. ఎనిమిది. నెత్తురు నెత్తురులాగే ఉంది. పన్నెండో నిమిషంలో పిన్ని డాక్టరు గారి వైపు దొంగచూపు చూసి, చీర కొంగు ముడి విప్పి, నలిగిన వేపాకులు రెండు నా చేతిలో పెట్టింది. "ఇది కూడా చూద్దాం తల్లీ, ఆయనకి చెప్పమాక" అని గుసగుసలాడింది. బీయస్సీ ఫస్టుక్లాసు నేను, ఒక డాక్టరుకి వీపు పెట్టి, దుప్పటి చాటున దొంగతనంగా వేపాకు నమిలాను.

మొదట ఏమీ లేదు. తర్వాత నాలుక చివర ఎక్కడో చీమ పాకినట్టయింది. తర్వాత ఒక పక్కగా, సన్నగా, దూరం నుంచి ఎవరో పిలిచినట్టుగా వచ్చింది. ఆపైన ఒక్కసారి నోరంతా నిండింది. అంతకు ముందు గానీ ఆ తర్వాత గానీ నేను తిన్న ఏ మిఠాయీ దానికి సాటి రాదు. దాని వెనకే, పొద్దున తిన్న రెండు మిరపకాయల మంట కూడా పెదాల మీద నిద్రలేచింది. "చేదు!" అని మంచం మీద లేచి కూర్చుని అరిచాను. "పిన్నీ, చేదే! మంటగా కూడా ఉంది!" పిన్ని నన్ను కావలించుకుని బోరుమంది. మేస్త్రమ్మ స్తోత్రం స్తోత్రం అని చప్పట్లు కొట్టింది. ఆ గోలకి పరిగెత్తుకొచ్చిన డాక్టరు గారు ఇంకో అయిదు నిమిషాలు ఓపిక పట్టండని కసిరి, సమయం కాగానే గొట్టం మెల్లగా వంచారు. నెత్తురు జారలేదు. జున్నుముక్కలా నిలబడింది. "నీరుకట్టె లాంటి విషం లేని పాము ఏదో అయి ఉంటుంది. అయినా రేపటి దాకా ఇక్కడే ఉండాలి" అన్నారు. నా నోట్లో ఆకు చూసి కూడా చూడనట్టు వెళ్ళిపోయారు.

మర్నాడు ఊరికి తిరిగొచ్చాక పిన్ని లవంగ నూనె సీసా, అక్కలకర్ర డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. "వీటి మీద తెలుగులో రాయమ్మా, మీ బాబాయి చదివిపెడతాడు" అంది. ఏమని రాయమంటావంటే, ఆలోచించి, "ఇది పూస్తే వేపాకు పెట్టకూడదని రాయి" అంది. రాశాను. లాటిన్ చీటీలన్నీ పీకేశాను. బడిలో నల్లబల్ల తుడిచి ఈసారి ఏం రాయాలో పిన్నినే అడిగి, ఆవిడ చెప్పిన మాటే రాశాను: "చేదు తెలిసినా, తెలియకపోయినా, ఆస్పత్రికే." పిల్లలు పదిసార్లు చదివారు. అమ్మకి మాత్రం నాలుగు మైళ్ళ సంగతి పెళ్ళయ్యాక గానీ చెప్పలేదు.

ఇప్పుడు నరసరావుపేటలో ఉంటున్నాను. వీధి చివర మందుల షాపు, దాని పక్కన ఇంకోటి. ఆ మధ్య కరోనా రోజుల్లో నాకూ వచ్చింది, నోటికి రుచి పోయింది. ఇంట్లో వాళ్ళంతా బెంబేలెత్తి మూతికి గుడ్డలు కట్టుకుని తలుపు సందులోంచి చూస్తుంటే, నేను ఒక్కదాన్నే మంచం మీద కూర్చుని పడీపడీ నవ్వాను. బుర్ర కూడా పోయిందనుకున్నారు. ఎలా తెలిసిందో పిన్నికి తెలిసింది. ఎనభై దగ్గర పడింది ఆవిడకి, బాబాయి పోయి అప్పటికి మూడేళ్ళు. రోజూ పొద్దున్నే కోడలి ఫోన్ నుంచి చేసేది. పలకరింపు లేదు, ఏం లేదు. "చేదు తెలిసిందా?" అంతే. "లేదు పిన్నీ" అంటే పెట్టేసేది. పెరట్లో వేపచెట్టు లేదు, మా ఆయన ఎక్కడెక్కడో తిరిగి రెమ్మలు తెచ్చిపెట్టేవాడు. తొమ్మిదో రోజు పొద్దున నమిలితే, నాలుక చివర ఒక చీమ పాకింది. ఫోను మోగే దాకా ఆగలేక నేనే చేశాను.

"పిన్నీ, చేదు తెలిసింది!"

అవతల ముక్కు చీదిన చప్పుడైంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. తర్వాత అంది. "తెలిస్తే తెలిసిందిలే. ఇయ్యాల ఒకసారి ఆస్పత్రికి పోయి చూపించుకో తల్లీ."

ఆ రోజుల్లో నేనైతే పుస్తకం తీసి గంటసేపు వాదించేదాన్ని. ఇప్పుడు నాకు తెలియని విషయాలు చాలానే ఉన్నాయి. అలాగే పిన్నీ అని చెప్పి, ఇంట్లో వాళ్ళు ఎందుకని అడుగుతున్నా వినకుండా చెప్పులు వేసుకున్నాను.